రబ్బరు స్టాంపు రామకోటి

ఆత్మకూరు బట్టల వ్యాపారి ఆదినారాయణ శెట్టి కోపం వేసవి కొండరాయిలా పొద్దుగుంకినా చల్లారేది కాదు. భరించలేక 1953లో భార్య పద్మావతమ్మ ఉదయగిరి పుట్టింటికి వెళ్లిపోయింది.

"మీ చేత్తో ఒక్క రామకోటి పుస్తకం రాసుకోని రాండి. రాస్తా ఉంటే మనసు నెమ్మదిస్తాది. అప్పుడొస్తాను" అంది.

మహానుభావుడికి అంత తీరిక ఎక్కడిది? 'శ్రీరామ' అని రబ్బరు స్టాంపు చేయించి, గుమాస్తాను తిడుతూనే పుస్తకం నిండా గుద్దేశాడు. బస్సెక్కి, ఉదయగిరిలో పరమ భక్తుడిలా దిగాడు.

పద్మావతమ్మ పేజీలు తిప్పింది.

"ఏందండీ, అంగట్లో బట్టల తానులకేసినట్టు రాముడికీ ముద్రేసినారా?"

"నోర్ముయ్!" అంటూ శెట్టి వీధంతా వినబడేలా అరిచి, పుస్తకాన్ని నేలకేసి కొట్టాడు.

ఆమె దాన్ని తీసి కళ్లకద్దుకుని, లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. తిరుగు ప్రయాణంలో శెట్టి కండక్టరును తిట్టాడు.