పదిహేను సెంటీమీటర్ల ఎడం

పెనుకొండలో రోడ్డు పనులు చూసే ఒక చిన్న ఆఫీసు ఉండేది. మూడు గదులు, ముందు వరండా. మూడో గదిలో కిటికీ కింద వాలుబల్ల ముందు ఆదెప్ప పన్నెండేళ్లు కూర్చున్నాడు. ట్రేసరు ఉద్యోగం. ఇంజనీరు పెన్సిలుతో గీసిచ్చిన నక్షాను ట్రేసింగ్ గుడ్డ మీదికి నల్లసిరాతో ఎత్తాలి. అంకెలు పొందికగా రాసి, అడుగున తన పేరు వేసి, పైవాళ్ల సంతకాలకు పంపాలి. ఈ పనిలో ఆలోచించడమనేది ఉండదని చేరిన రోజే హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ చెప్పాడు. ఆ మాట ఆదెప్పకు నచ్చింది కూడా.

అతని సొంతూరు ధర్మవరం. తండ్రి పట్టుచీరల అంచులకు గళ్ల కాగితం మీద నమూనాలు వేసేవాడు. కొడుకు మగ్గం గుంటలో కూర్చుంటే దగ్గు పట్టుకునేది గానీ చెయ్యి మాత్రం తండ్రి చెయ్యే. గీత వణికేది కాదు. ఆ చేతిని చూసే యాభై రెండులో ఆఫీసువాళ్లు ఉద్యోగమిచ్చారు. అదే ఏడు హనుమక్కను పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు కలగలేదు. అరవై ఒకటి ఫిబ్రవరిలో హనుమక్క మూడు రోజుల జ్వరంతో పోయింది. ఆమె తల్లి ఓబులమ్మ కర్మలకని వచ్చి, అల్లుడికి వండిపెట్టే దిక్కు లేదని ఉండిపోయింది.

పన్నెండో రోజు దాటాక ఆదెప్ప ఆఫీసుకు పోయేసరికి బల్ల మీద ఒక పని ఎదురుచూస్తోంది. దేశమంతా అడుగులూ అంగుళాలూ పోయి మీటర్లూ సెంటీమీటర్లూ వస్తున్న కాలం. ఆఫీసులో ఆరడుగుల కల్వర్టుకు ఒక నమూనా నక్షా ఉంది. వాగు చిన్నదై, రోడ్డు దాటేచోట మళ్లీ లెక్కలు కట్టే పని లేకుండా ఎక్కడికైనా అదే షీటు పంపేవారు. దాన్ని కొత్త కొలతల్లోకి మార్చమన్నారు. మార్పిడికి ఒక అచ్చు కార్డు ఇచ్చారు. దాంతోపాటు వచ్చిన సర్క్యులరులో, అంకెలను పనివాళ్లకు వీలుగా దగ్గరి పూర్ణాంకానికి సర్దవచ్చునని ఉంది.

ఆదెప్ప సర్దాడు. ఆరడుగులంటే మీటరూ ఎనభై మూడు సెంటీమీటర్లు. రెండు మీటర్లని రాశాడు. స్లాబు మందం ఎనిమిది అంగుళాలు. ఇరవై సెంటీమీటర్లని రాశాడు. అర అంగుళం కడ్డీ పన్నెండు పాయింటు ఏడు మిల్లీమీటర్లు. బజారులో దొరికేది పన్నెండుది. పన్నెండని రాశాడు. కడ్డీకీ కడ్డీకీ మధ్య ఎడం ఆరంగుళాలు. పదిహేను సెంటీమీటర్లు. సున్నాలూ అయిదులూ ఉన్న అంకెలు ఆ రోజుల్లో అతనికి తేలిగ్గా ఉన్నాయి. వాటిని మనసులో మోయాల్సిన పని లేదు. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ కార్డు పక్కన పెట్టుకుని ఒక్కో అంకెకూ ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టాడు. అప్పటి ఇంజనీరు సంతకం చేశాడు. పై ఆఫీసు ముద్ర వేసింది.

మూడేళ్లలో ఆ షీటు మీద పద్నాలుగు కల్వర్టులు లేచాయి. కొన్ని చెన్నేకొత్తపల్లి దారిలో, కొన్ని బుక్కపట్నం వైపు. ఆ మూడేళ్లూ ఆదెప్ప పదింటికి పోయి అయిదింటికి వచ్చేవాడు. ఓబులమ్మ పెట్టింది తినేవాడు. ఏం తిన్నాడో అడిగితే చెప్పలేకపోయేవాడు.

అరవై నాలుగు వర్షాకాలంలో కాంక్రీటు పనుల కోడ్ పుస్తకం సవరించిన కూర్పు ఆఫీసుకు వచ్చింది. దాంతోపాటే వచ్చిన కుర్ర ఇంజనీరు లక్ష్మీనారాయణకు పుస్తకాలంటే గౌరవం. గోడకు తగిలించుకోవడానికి ఒక పట్టిక రాసిమ్మని ఆదెప్పను అడిగాడు. ఒక వరుసలో పాత అంగుళాల కడ్డీలు, పక్క వరుసలో కొత్త మిల్లీమీటర్ల కడ్డీలు, ఒక్కోదానికి ఎదురుగా అడ్డంగా కోస్తే కనిపించే ఇనుము ఎంతో చదరపు సెంటీమీటర్లలో. అర అంగుళం కడ్డీకి ఒకటి పాయింటు ఇరవై ఏడు. పన్నెండు మిల్లీమీటర్లకు ఒకటి పాయింటు పదమూడు. ఆదెప్ప ఆ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి, సిరా ఆరేదాకా చూస్తూ కూర్చున్నాడు. తరవాత లేచి బీరువాలోంచి కల్వర్టు షీటు తీసుకుని లక్ష్మీనారాయణ బల్ల మీద పరిచాడు. పాతదీ, కొత్తదీ.

లక్ష్మీనారాయణ లెక్కలకు స్లైడ్ రూలు తీశాడు. రెండు నిమిషాలు పట్టింది. మళ్లీ మొదటినుంచి లెక్క కట్టాడు.

"ఎవరు మార్చినారు ఈ అంకెలు?"

"నేనే సార్."

"చూసిందెవరు?"

"అందరూ చూసినారు సార్. కార్డు ప్రకారం ఒక్కొక్కటీ సరిగ్గానే ఉండాది."

అదే అసలు సంగతి. ఏ అంకెకా అంకె సరిగ్గానే ఉంది. అన్నీ ఒకే స్లాబులోవని ఎవరూ అనుకోలేదు. మీటరూ ఎనభై మూడు రెండు మీటర్లై, జానెడు కూడా లేని పొడవు పెరిగినందుకు స్లాబు మీద పడే బరువు దెబ్బ దాదాపు అయిదో వంతు పెరుగుతుందని లక్ష్మీనారాయణ వివరించాడు. దెబ్బ పెరిగినచోట ఇనుము తగ్గింది. రెండూ కలిపితే ఉండాల్సిన ఇనుములో నాలుగో వంతు లేదు. పదిహేను సెంటీమీటర్ల ఎడం పదకొండు కావాలి.

"పడిపోతాయని కాదు," అన్నాడు. "ఎందుకైనా మంచిదని కొంత బలం ఎక్కువ పెట్టుకుంటాం. ఆ ఎక్కువనంతా నువ్వు తినేసినావు."

ఆదెప్ప తల ఊపాడు. బుక్కపట్నం దారిలో పదిహేనోది తయారవుతోందనీ, గురువారం కాంక్రీటు పోస్తారనీ గుర్తుచేశాడు. అది మంగళవారం. లక్ష్మీనారాయణ ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది, ఇంకా ఖాయం కాలేదు. పై ఆఫీసు ముద్ర ఉన్న షీటును తాను దిద్దలేననీ, ఉత్తరం రాస్తాననీ, జవాబొచ్చేదాకా ఆ షీటే షీటనీ అన్నాడు. జవాబుకు నెలన్నర తక్కువ పట్టదని ఇద్దరికీ తెలుసు.

బుధవారం ఆదెప్ప సెలవు చీటీ పెట్టి బుక్కపట్నం బస్సెక్కాడు. ధైర్యం చేస్తున్నానని అతనికి అనిపించలేదు. భయమూ వేయలేదు. ట్రేసరుకు పని జరిగేచోటికి పోయే అధికారం లేదని తెలుసు. ఆ ఎరుక కూడా ఎక్కడో దూరంగా ఉంది.

కల్వర్టు దగ్గర, కాంక్రీటు పోయడానికి పరిచిన సెంట్రింగ్ పలకల మీద మేస్త్రీ కొండప్ప కడ్డీలు కట్టిస్తున్నాడు. ఆఫీసుకు బిల్లుల కోసం వచ్చేవాడు కాబట్టి ఇద్దరికీ ముఖ పరిచయం ఉంది.

"ఏమప్పా ఆదెప్పన్నా, యాడికి ఇట్ల దారి తప్పినావు? నీ బల్లకు చెదలు పట్టిందా?"

ఆదెప్ప విషయం చెప్పాడు. కొండప్ప బీడీ ఆర్పి చెవిలో పెట్టుకున్నాడు.

"పదకొండా? రేపు పొద్దున ఇంకో ఆయప్ప వచ్చి తొమ్మిదంటే? ఇది ఏమన్నా నారుమడా, ఒత్తుగా నాటేదానికి? కాగితం చూపించు."

కాగితం లేదు. ఆదెప్ప కొండప్ప దగ్గరున్న నక్షా ప్రింటు అడిగి తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని, పదిహేను కొట్టేసి పదకొండని రాశాడు. పక్కన సంతకం, తేదీ. పన్నెండేళ్లలో ఒక నక్షా మీద తాను ఎంచిన అంకె రాయడం అదే మొదలు. మిగతా అంకెల్లాగే అదీ పొందికగా వచ్చింది.

"ఈ సంతకం ఎవురిది?"

"నాది."

"దానికి విలువ ఏమన్నా ఉండాదా?"

"ల్యాదు."

కొండప్ప నవ్వాడు. తరవాతి పనికని తెచ్చిన కడ్డీలు పక్కనే ఉన్నాయి. "సర్లే. ఎక్కువేస్తే నాకేం పోతాది, నా ఇంటి ఇనుమా. తక్కువెయ్యమని వచ్చింటే తన్ని పంపిద్దును," అని కూలీలను కేకేశాడు. కట్టుతీగలు విప్పి మళ్లీ కట్టడానికి సాయంత్రమైంది. ఆదెప్ప స్కేలు పట్టుకుని ప్రతి ఎడమూ కొలిచాడు. గురువారం కాంక్రీటు పోశారు.

కడ్డీల లెక్క కుదరక, నెల తిరక్కుండానే సంగతి బయటపడింది. మంజూరైన నక్షాను అధికారం లేకుండా దిద్దినందుకు నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదని మెమో వచ్చింది. లక్ష్మీనారాయణ అతన్ని పక్కకు పిలిచాడు.

"నేను లెక్క చూసినానని మాత్రం రాయొద్దు ఆదెప్పా. ఉత్తరంలో అనుమానం ఉండాదని మాత్రమే రాసినా; లెక్క సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు. అంతవరకే."

ఆదెప్పకు కోపం రాలేదు. రావాలేమోనని ఒక క్షణం ఎదురుచూశాడు. ఆ తరవాత జవాబులో మూడు వాక్యాలు రాశాడు. అరవై ఒకటిలో అంకెలు మార్చింది తానేనని, అవి తప్పని, దిద్దింది కూడా తానేనని. పైవాళ్లు మూడోదాన్ని మాత్రమే పట్టించుకున్నారు. ఒక ఇంక్రిమెంటు ఆపి, హిందూపురంలో రికార్డు గదికి మార్చారు. సామాను సర్దేటప్పుడు ఓబులమ్మ, ఆ ఊళ్లో తెలుగు అడిగితే కన్నడంలో చెప్తారంట అంది. తన గుడ్డలూ అదే పెట్టెలో పెట్టింది.

నవంబరులో హిందూపురానికి కొత్త షీటు చేరింది. వేరే నంబరు, పదకొండు సెంటీమీటర్ల ఎడం, వేరే ట్రేసరు పేరు. మార్పుకు కారణం రాసేచోట 'సవరణ' అని ఉంది. పాత షీటు మీద 'రద్దు' ముద్ర కొట్టే పని రికార్డు గదిది. ఆదెప్పే కొట్టాడు. రద్దయిన షీటుతో లేచిన పద్నాలుగు కల్వర్టుల గురించి ఏ కాగితంలోనూ ఒక్క ముక్క లేదు. వాటి మీద బరువు బండ్లు పోకుండా బోర్డులు పెట్టమని రెండుసార్లు రాశాడు. ఫైలు పరిశీలనలో ఉందని ఒకసారి జవాబొచ్చింది.

అప్పటినుంచి నెలకో ఆదివారం పొద్దున రైలెక్కి, దిగి, బస్సెక్కి, ఆ కల్వర్టుల దగ్గరికి పోవడం మొదలుపెట్టాడు. జేబులో పద్నాలుగింటి జాబితా, చేతిలో పెన్సిలు. వంగి కిందికి పోయి స్లాబు అడుగును చూసేవాడు. వెంట్రుకంత పగులు కనబడితే అది ఆగినచోట అడ్డగీత గీసి తేదీ వేసేవాడు. మళ్లీ వచ్చినప్పుడు పగులు గీత దాటిందా అని చూసేవాడు. పైన వేరుశనక్కాయల లారీలు పోతుంటే దుమ్ము రాలి మెడ మీద పడేది. ఆరింటిలో పగుళ్లున్నాయి. చెన్నేకొత్తపల్లి దారిలో ఒకదానిలో మాత్రం పగులు ఏడాదిలో రెండు గీతలు దాటింది. అది రాసినప్పుడు జవాబు కూడా రాలేదు.

"చచ్చినోళ్ల దగ్గరికి కూడా ఇన్నిసార్లు పోరు కదా అల్లుడా," అంది ఓబులమ్మ ఒకరోజు. "ఆ మోరీల కింద ఏముండాది?"

"నీడ ఉండాది అత్తా."

అరవై ఏడు వేసవిలో చెన్నేకొత్తపల్లి దారి వెడల్పు చేశారు. పగులు పెరిగే కల్వర్టును ఇరుకుగా ఉందని పగలగొట్టమన్నారు. పగులు సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఆదెప్ప పోయేసరికి నలుగురు కూలీలు సమ్మెటలతో కొడుతున్నారు. వాళ్లలో పెద్దవాడు తిమ్మప్ప చెమట తుడుచుకుంటూ పక్కకొచ్చి కూర్చున్నాడు.

"ఎవుడు కట్టినాడో గానీ, మూడు దినాల నుంచి కొడతాండాం. పగలట్ల్యా."

కూల్చేశాక, అది తనంతట ఇంకెన్నాళ్లు నిలిచేదో ఇక తెలియదు. పదేళ్లు నిలిచేదేమో, వచ్చే పంటకే కూలేదేమో. ఆదెప్ప పగిలిన అంచులోంచి తేలిన కడ్డీల దగ్గరికి పోయాడు. ఏ మేస్త్రీ అయినా తన అలవాటు కొద్దీ నాలుగు కడ్డీలు దగ్గరగా కట్టి ఉంటాడేమోనని ఎప్పటినుంచో ఒక ఊహ ఉండేది. స్కేలు పెట్టి కొలిచాడు. పదిహేను. పక్కది పదిహేను. ఆ చివరిదాకా పదిహేనే. అతను రాసింది రాసినట్టే కట్టారు.

"ఏం కొలుస్తాండావప్పా? పాత ఇనుము కొంటావా?" అన్నాడు తిమ్మప్ప.

లేదన్నాడు ఆదెప్ప. జేబులోంచి జాబితా తీసి ఒక పేరు కొట్టేశాడు. పదమూడు మిగిలాయి. బుక్కపట్నం బస్సుకు ఇంకా అరగంట ఉంది. ఆ రోజు చూడాల్సినవి అటువైపు ఇంకా రెండున్నాయి. పోయి రోడ్డు పక్కన నిలబడ్డాడు.