పూల తోక చొక్కా

మాంద్యం వచ్చిందని పేపర్లవాళ్లకు తెలిసేది గ్రాఫుల్లో గీతలు కిందికి దిగాక. పెద్దపెద్ద వాళ్లు దాన్ని ఒప్పుకోవడానికి ఇంకో ఆరు నెలలు పడుతుంది. కాలరమ్మకు అంత తీరిక లేదు. ఎవరో ఒకరు చంకలో సంచీ పెట్టుకుని, అటూ ఇటూ చూసి, గబుక్కున తన గుమ్మం ఎక్కారంటే ఆమెకు తెలిసిపోతుంది. ఆ సంచీలో ఉండేవి కాలర్లు చిరిగిన చొక్కాలే.

ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. వీధి మొత్తానికీ కాలరమ్మే. చొక్కాలో అన్నిటికంటే ముందు పోయేది కాలరు. మెడకు ఒరుసుకునే మడత దగ్గర దారాలు లేచి, పీచు బయటపడుతుంది. మిగతా చొక్కా మాత్రం నిక్షేపంలా ఉంటుంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నప్పుడు మనిషి ఆ చొక్కాను మసిగుడ్డ చేసేసి కొత్తది కొంటాడు. ఆడనప్పుడు కాలరమ్మ దగ్గరికి వస్తాడు. ఆమె కాలరు కుట్లు విప్పి, చిరిగిన వైపు అడుగుకు, బాగున్న వైపు పైకి వచ్చేలా తిరగేసి మళ్లీ కుట్టేస్తుంది. ఇరవై నిమిషాల పని. ఇంకో రెండేళ్లు ఆ చొక్కాకు ఢోకా ఉండదు. కాకపోతే ఇది ఒక్కసారికే. ఆ రెండో వైపు కూడా చిరిగితే తిరగేయడానికి కాలరుకు మూడో వైపంటూ లేదు.

ఈ విద్య ఆమె కోరి నేర్చుకున్నది కాదు. ముప్ఫై ఒకటో ఏట, మొదటి మాంద్యంలో, ఆమె పనిచేసే చొక్కాల ఫ్యాక్టరీ మూతపడింది. ఒక సోమవారం వెళ్లేసరికి గేటుకు తాళం, తాళం పక్కన కాగితం. అంతే సంగతి. పదకొండేళ్లు ఆ ఫ్యాక్టరీలో ఆమె కుట్టింది కాలర్లే. చేతులు ఒకరు, జేబులు ఒకరు, గుండీల కాజాలు ఇంకొకరు. కాలర్లు మాత్రం ఈవిడ. పొద్దుట కూర్చుంటే సాయంత్రానికి గుట్టలు గుట్టలు. అన్ని వేల చొక్కాల్లో చెయ్యి పెట్టిన మనిషి, ఒక్క పూర్తి చొక్కా కుట్టలేదు.

ఆ సంగతి ఆమెకే తట్టలేదు. పక్కింటావిడ గుడ్డ తెచ్చి, "మా ఆయనకో చొక్కా కుట్టిపెట్టమ్మా, నీకిది చిటికెలో పని" అంటే సరేనని తీసుకుంది. రెండు రోజులు కుస్తీ పట్టింది. కుడిచెయ్యి ఎడమవైపు అతికింది. ఎడమచెయ్యి తలకిందులుగా కుట్టింది. కాలరు మాత్రం అద్భుతంగా కుదిరింది. పక్కింటాయన లెక్కల మాస్టారు. ఆ చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడి, "మెడ వరకూ నేనే, కిందంతా ఎవరో ఉన్నారమ్మా" అన్నాడు.

మంచి మనిషి కాబట్టి గుడ్డ పాడుచేసిందని తిట్టలేదు. పైగా, "ఆ కాలరేదో బాగా వచ్చింది. నా పాత చొక్కా కాలరు చూడరాదూ, జీతాలు ఆపేశారు, కొత్తవి కొనేట్టు లేను" అని ఇచ్చాడు. ఆమె దాన్ని తిరగేసి కుట్టి ఇచ్చింది. వారం తిరక్కుండా ఆ స్కూలు స్టాఫ్‌రూమంతా ఆమె గుమ్మంలో వాలింది. అలా ఆ మాంద్యం గట్టెక్కింది. తర్వాత మంచిరోజులొచ్చి కాలర్లు తగ్గాయి. ఆమె తీరిగ్గా కూర్చుని చేతులు అతకడం నేర్చుకుంది.

రెండో మాంద్యం వచ్చేనాటికి ఆమెకు నలభై ఆరు. ఈసారి దెబ్బ ఇంటాయనకు తగిలింది. ఆయన ఇనుప సామాన్ల గోడౌనులో స్టోర్‌కీపరు. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఏ అరలో ఏ సైజు బోల్టు ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. గోడౌను ఎత్తేశారు. బోల్టులు వేరే ఊరు వెళ్లాయి, ఆయన ఇంటికి వచ్చాడు.

ఎనిమిది నెలలు ఎక్కని మెట్టు లేదు. యాభై ఒకటో ఏట ఉద్యోగం అడగబోతే అందరూ కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు, అక్కడితో సరి. చివరికి ఒక పెద్ద హార్డ్‌వేరు షాపు నుంచి కబురొచ్చింది: రేపు పదింటికి రమ్మని. ఆయనకు మిగిలిన మంచి చొక్కా ఒకటే, తెల్లది. దాని కాలరు అప్పటికే ఒకసారి తిరగేసింది. రెండో వైపూ పీచులు లేచింది.

కాలరమ్మ ఆ మధ్యాహ్నం ఒక ఉపాయం పన్నింది. చొక్కా వెనక భాగంలో ప్యాంటులోకి దోపుకునే కింది అంచు ఉంటుంది కదా, దాన్ని ఆమె తోక అంటుంది. ఆ తోక కోసి దానితో కొత్త కాలరు కుట్టింది. అదే గుడ్డ, అదే తెలుపు. మెడ దగ్గర చూస్తే కొన్న చొక్కా కూడా దిగదుడుపే. తోక పోయిన చోట మాత్రం ఏదో ఒకటి అతకాలి, లేకపోతే చొక్కా దోపుకోవడానికి అందదు. పెట్టెలో తెల్లముక్క లేకపోలేదు. అది ఒక కస్టమరు తన కాలరు కోసం ఇచ్చి వెళ్లిన ముక్క. కస్టమరు గుడ్డలో చెయ్యి పెట్టడం ఆమెకు ప్రాణం పోయినా కుదరని పని. కిటికీ పరదా కుట్టగా మిగిలిన ముక్క ఒకటి చేతికి తగిలింది. నీలం మీద పసుపు పూలు. అదే వేసేసింది.

"ఇదేంటే, తోటలా ఉంది?" అన్నాడాయన.

"లోపలికి దోపుకునేదేగా! ఎవడు చూస్తాడు? మీరు వెళ్లేది ఉద్యోగానికా, సర్కస్‌కా?"

మర్నాడు గుమ్మం దగ్గర నిలబెట్టి కాలరు సర్ది పంపింది. పన్నెండింటికల్లా తిరిగి వచ్చాడు. "ఆ పోస్టు నిన్ననే ఎవరికో ఇచ్చేశారట" అని, చొక్కా విప్పి తానే ఉతుక్కుని ఆరేసుకున్నాడు. మరో పది నెలలకు ఒక కోల్డ్‌స్టోరేజీలో గేటు దగ్గర లారీల నంబర్లు రాసే పని దొరికింది. సగం జీతం. రిటైరయ్యేదాకా అదే చేశాడు.

కష్టం గడిచాక అది కథ అవుతుంది. కాలరమ్మ చేతిలో పూల తోక చొక్కా పెద్ద కథే అయింది. సంచీ పట్టుకుని సిగ్గుపడుతూ వచ్చినవాళ్లకు ముందు ఈ కథ వినిపించేది. "ముందు నుంచి చూస్తే మేనేజరు, వెనక నుంచి చూస్తే పూలతోట!" అనేసరికి వాళ్ల సిగ్గు ఎగిరిపోయేది. చుట్టాల్లోనూ ఎవరో ఒకరు అడిగి చెప్పించుకునేవారు. ఆయన పక్కనే ఉండి ప్రతిసారీ నవ్వేవాడు. ఆ నవ్వు ఎప్పుడూ ఒక్కలాగే ఉండేది. ఆమె ఆ సంగతి గమనించలేదు.

ఇక మూడోది, మొన్న మొన్నటిది. కట్టే భవనాలు సగంలో ఆగిపోయాయి. మేడ లేకపోతే లిఫ్టు దేనికి? లిఫ్టులు బిగించే కంపెనీలో పనిచేసే అల్లుడి ఉద్యోగం పోయింది. అద్దె కట్టలేక అమ్మాయీ అల్లుడూ వచ్చి ముందుగదిలో ఉంటున్నారు. అమ్మాయి పొద్దున్నే పనికి వెళ్లిపోతుంది. అల్లుడు మాటకారి, ఎప్పుడూ ఏదో ఒకటి అంటూ నవ్వించేవాడు. ఇప్పుడు కంచం ముందు కూడా తల ఎత్తడం లేదు. ఐదు నెలలకు ఒక ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. మిషన్లు చూసుకునే పని. ఇది తప్పితే ఇంకోటి కనుచూపు మేరలో లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

అతనికీ మంచి చొక్కా ఒకటే, అదీ తెల్లదే. దాని కాలరు అంతకు ముందు ఏడాదే ఆమె తిరగేసింది.

"ఇలా ఇవ్వు బాబూ" అని కాలరమ్మ చొక్కా బల్ల మీద పరిచి, తోక దగ్గర సుద్దతో గీత గీసింది. కత్తెర తీసుకుంది. ఆ కత్తెర జోలికి ఇంట్లో ఎవరూ వెళ్లరు. ఒకప్పుడు అమ్మాయి దానితో కాగితాలు కత్తిరిస్తే ఇల్లు పీకి పందిరి వేసింది. అలాంటిది, కుర్చీలో పేపరు చదువుకుంటున్న ఇంటాయన లేచి వచ్చి, ఆ కత్తెర ఆమె చేతిలోంచి తీసేసుకున్నాడు.

"తోక కొయ్యకు" అన్నాడు.

ఆమె నోరెళ్లబెట్టింది. అల్లుడే సర్దిచెప్పబోయాడు. "పర్లేదు మామయ్యగారూ. దోపుకుంటే కనపడదుగా."

"నేనూ అలాగే అనుకున్నాను బాబూ."

ఆయన కత్తెర దాచుకున్నట్టుగా వెనక్కి పట్టుకుని, నిలబడే చెప్పాడు.

"ఆ రోజు హార్డ్‌వేరు షాపులో ఆ పోస్టు ఎవరికీ ఇవ్వలేదు. ఇంకా ఖాళీగానే ఉంది. ఓనరు నాలుగు ప్రశ్నలు అడిగి, నిచ్చెనెక్కి పై అరలో ఏమేం ఉన్నాయో లెక్కపెట్టి చెప్పమన్నాడు. నాకు వెన్నతో పెట్టిన విద్యేగా. ఎక్కాను. లోపలి డబ్బా తిప్పుదామని రెండు చేతులూ చాపాను. చొక్కా మొత్తం బయటికి వచ్చేసింది. కింద ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు, ఉద్యోగానికే. 'తోటమాలి పోస్టు కూడా ఉందా సార్' అన్నాడొకడు. అందరూ ఒకటే నవ్వు."

"ఆ ఓనరు కూడానా?" అంది కాలరమ్మ.

"లేదు, పాపం. ఆయన నవ్వలేదు. 'ఎన్ని డబ్బాలు?' అనే అడిగాడు. నాకే నోట్లోంచి అంకె రాలేదు. దిగి, మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాను."

"పన్నెండేళ్లు! నాకొక్క మాట చెప్పకూడదూ?"

"ఎలా చెప్పను? గుమ్మంలోకి రాగానే నువ్వు ముందు కాలరు చూశావు. అది చెక్కుచెదరలేదు. నీ మొహం వెలిగిపోయింది. తర్వాత నువ్వు ఆ కథ చెప్పడం మొదలుపెట్టావు. అందరూ నవ్వారు, నువ్వూ నవ్వావు. మన ఇంట్లో నవ్వు వినపడి ఏడాది దాటింది. పోనీలే అనుకున్నాను."

కాలరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఎన్నిసార్లు చెప్పింది ఆ కథ! ఎంతమంది ముందు! ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెప్పింది. పెట్టెలో ఉన్న ఆ తెల్లముక్క గుర్తొచ్చింది. ఒక్క మాట అడిగితే ఆ కస్టమరు ఇచ్చేవాడే. బల్ల మీద చేతులు పెట్టి, అల్లుడు ఉన్నాడని కూడా చూడకుండా ఏడ్చేసింది.

ఆయన ఓదార్చలేదు. ఆయనకది రాదు. బీరువా తీసి తన తెల్లచొక్కా పట్టుకొచ్చాడు. కిందటేడు అమ్మాయి కొనిచ్చింది, రెండుసార్లు కూడా తొడగలేదు.

"ఇది బాబుకు పట్టదు, దీని తోక కొయ్యి. నేనిప్పుడు ఏ నిచ్చెనా ఎక్కేది లేదు" అని కత్తెర ఆమె చేతిలో పెట్టాడు.

అల్లుడి చొక్కాకు మామగారి చొక్కాలోంచి కాలరు వచ్చింది. అల్లుడు దాన్ని తొడుక్కుని వెళ్లాడు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ ఫ్యాక్టరీవాళ్లు చివరికి ఎవర్నీ తీసుకోలేదు. మూడు నెలలకు ఇంకో చోట వచ్చింది, అక్కడ చొక్కా సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆయన చొక్కాకు తెల్లగుడ్డ కొని తెచ్చి మరీ అతికింది కాలరమ్మ. ఎవరూ చూడని ఆ అతుకును మూడుసార్లు విప్పి కుట్టింది.

ఆ వానాకాలంలోనే ఒకావిడ సంచీ పట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి కాస్త బెరుగ్గా అంది: "మీ దగ్గర పూల తోక కథేదో ఉందట కదా. మా చెల్లెలు చెప్పింది. చెప్పండి వదినగారూ, కాసేపు నవ్వుకుంటాను."

కాలరమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ తల వంచుకుంది. "ఇప్పుడు చెప్పడం లేదమ్మా" అంది.

కుర్చీలోంచి ఆయన పేపరు మడిచాడు. "నేను చెప్తాను కూర్చోమ్మా. ఈవిడకు సగమే తెలుసు."

మొదటినుంచీ చెప్పాడు. గోడౌను, పరదా ముక్క, సర్కస్ మాట, అన్నీ. నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి ముందు ఆయనే నవ్వాడు. ఆ నవ్వు ఆమె అంతకు ముందు విన్నది కాదు. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాడు. వచ్చినావిడా నవ్వింది. కాలరమ్మ నవ్వలేదు. మిషను ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆయన మొహమే చూస్తూ ఆ కథ చివరిదాకా వింది.