మామ్మగారు తోమని సెంటు

మీరెవరో నాకు తెలీదు. తెలిసుంటే ఇది రాసేదాన్ని కాదేమో. ఒక పెద్దావిడ తన మతిని తనే నమ్మడం మానేసింది. నా వల్ల. కొన్నేళ్లుగా ఆ బరువు లోపల పెట్టుకునే తింటున్నాను, నవ్వుతున్నాను, రీల్స్ చూస్తున్నాను.

ఐర్లండ్‌లోని మెయ్‌నూత్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక తెలుగువాళ్లింట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆంటీది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాత అమెరికా నాణేలంటే పిచ్చి. ఆ పిచ్చి నాకూ అంటించింది. 1943 నాటి సెంటు నాణెం అయస్కాంతానికి అతుక్కునేది. ఆ ఏడు రాగి యుద్ధానికి కావాల్సొచ్చి, సెంట్లు ఉక్కుతో కొట్టారట. 1964 దాటాక పది సెంట్ల బిళ్లలోంచి వెండి మాయం. ఒక్క అంకె వెనక ఇంత కథ ఉంటుందా అని నోరు తెరుచుకుని వినేదాన్ని.

అన్నిటికన్నా వింత 1909 సెంటు. అమెరికా ప్రెసిడెంటు తల సెంటు మీదకి ఎక్కింది అప్పుడే. వెనకవైపు అడుగున బొమ్మ చెక్కినతను తన పొడి అక్షరాలు మూడు వేసుకున్నాడు. అంత పెద్దగానా అని గొడవ లేస్తే కొద్దిరోజుల్లోనే తీసేశారు. ఆంటీ దగ్గరున్నది తీయకముందుది. కానీ నాకు నల్లటి మకిలి తప్ప ఏమీ కనపడలేదు. ఫోన్లో జూమ్ చేసినా లేదు. మిమ్మల్నెవరో మోసం చేశారన్నాను.

"నీ ఫోనుకి కనపడకపోతే లోకంలో లేనట్టేనా?" అని నవ్వి, నాణేన్ని బల్లమీదే వదిలేసి ఆంటీ ఆఫీసుకెళ్లింది. నాకు ఒళ్లు మండింది.

ఆ రోజు శుక్రవారం. విజయవాడ నుంచి వచ్చి ఉన్న ఆంటీ అత్తగారిని నేను మామ్మగారు అనేదాన్ని. ఆవిడ పూజ సామాను చింతపండుతో తోమి, బట్టమీద ఆరబెట్టి స్నానానికి వెళ్లారు. మిగిలిన చింతపండు సింకు దగ్గరే ఉంది. నాణెం మీద కొంచెం రుద్దాను. ఒక అక్షరం తేలింది. ఇంకొంచెం రుద్దాను. రెండోది. ఎంత సంబరమో! మూడోది కూడా బయటపడేసరికి నాణెం మొత్తం పురిటిబిడ్డలా గులాబీ రంగుకి తిరిగింది. ఫొటో తీసి, ఇలాంటివి ఇంకెక్కడున్నాయో వెతికాను. ప్రతి పేజీ మొదట చెప్పేది ఒకటే: పాత నాణేన్ని తోమితే చంపినట్టే, విలువంతా పోతుంది.

అప్పుడు చేసిందే అసలు తప్పు. దాన్ని తీసుకెళ్లి మామ్మగారి పంచపాత్ర పక్కన పెట్టాను. భయమా? ఆంటీ ముందు ఓడిపోకూడదన్న పొగరా? చెయ్యి దానంతటదే వెళ్లిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆలోచించే పెట్టాను.

సాయంత్రం ఆంటీ ముఖం పాలిపోయింది.

"అత్తయ్యా, ఇది మీరు తోమారా?"

"నేనా? కుందులు తోమాను, పంచపాత్ర తోమాను... ఇది కూడా తోమానేమోనమ్మా."

"గుర్తులేదా?"

"తోమే ఉంటాన్లే. నేను కాక ఈ ఇంట్లో చింతపండు ముట్టుకునేదెవరు? ఈ పిల్లకి ఫోన్ తప్ప ఇంకోటి ముట్టుకోవడం తెలుసా!"

ఆంటీ కూడా నవ్వేసింది. నేనూ నవ్వాను. నోరు తెరవాల్సిన క్షణం అదే. తెరిచాను, నవ్వడానికి.

ఆ తర్వాత మామ్మగారు స్టవ్ కట్టేశానా లేదా అని మళ్లీ మళ్లీ లేచి చూసుకోవడం మొదలుపెట్టారు. జీపీ, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే అంతా గ్రాండ్, ఏ లోపమూ లేదన్నాడు. ఆవిడ నమ్మలేదు. స్వయంగా తోమిన నాణెమే గుర్తులేని మనిషి ఎలా నమ్ముతుంది? విజయవాడ వెళ్లాక చిన్నకొడుకు ఆవిడ్ని వంట మాన్పించి, గ్యాస్ రెగ్యులేటర్ తీసి దాచేస్తున్నాడని ఆంటీ చెప్పింది. విని ఊరుకున్నాను. అలా ఎలా ఊరుకోగలిగాను?

అమెరికా 2025లో చలామణికి సెంట్లు కొట్టడం ఆపేసిందన్న వీడియో మొన్న ఫోన్లో కనపడింది. ఆంటీకి పంపబోయాను. పంపకుండా, జరిగింది జరిగినట్టు టైప్ చేశాను. ఆవిడ ఒక్క ముక్కే రాసింది: "అత్తయ్యకి చెప్పు." కింద నంబరు.

ఫోన్ చేశాను. సాకుల్లేకుండా చెప్పాను. అవతల మామ్మగారి గొంతు లేచింది. నాతో కాదు, చిన్నకొడుకుతో.

"ఒరేయ్, ఆ రెగ్యులేటర్ ఎక్కడ దాచావురా? ఇలా తే!"

ఫోన్ మాత్రం కట్ చెయ్యలేదు. స్టవ్ భగ్గుమంది. కాసేపటికి ఆవాలు చిటపటలాడాయి. నేను స్క్రీన్ వైపు చూడకుండా వింటూ కూర్చున్నాను.