బల్ల మీద భీమిలి

ఢిల్లీలో ధౌలా కువాన్ దగ్గరి ఆర్మీ క్వార్టర్లలో సుబేదార్ తిరుమలేష్ గోళ్లలో ఎప్పుడూ రంపపు పొట్టు ఉంటుంది. యుద్ధాభ్యాసాలకు ముందు అధికారులు చూసుకునే నేల నమూనాలను ఇసుకతో, పొట్టుతో చేయడం పదిహేనేళ్లుగా అతని పని. చూపుడు వేలితో నది గీస్తాడు, పిడికిలితో కొండ నిలబెడతాడు, ఆపైన స్టూలెక్కి అంతా ఒకసారి చూసుకుంటాడు. తొంభై ఆరులో కూతురు ప్రత్యూష బడిలో సొంత ఊరి నమూనా అడిగితే భీమిలి తీరం చేశాడు. కొండల వరస, బౌద్ధుల ఇటుకల దిబ్బ, డచ్చివాళ్ల సమాధులు, సముద్రం, అన్నీ కొలత ప్రకారం కుదిరాయి. చేతి అలవాటుకొద్దీ కొండల మీద శత్రువుల ఎర్రజెండాలు కూడా గుచ్చాడు.

"పాపా, ఇది మీ ఊరా, యుద్ధమా? నేను తాజ్‌మహల్ చేసుకుంటాలే," అంది, నాన్నని ఢిల్లీ పిల్లల్లా 'పాపా' అని పిలిచే ప్రత్యూష.

అతను జెండాలన్నీ పీకేశాడు. అయినా ఊరు కనిపించలేదు. స్టూలు దిగి, బల్ల అంచుకు గడ్డం ఆనించి, సముద్రం వైపు నుంచి చాలాసేపు చూశాడు.

"మా అయ్య పడవలోంచి ఇలాగే సూసీవోడమ్మా. ఈ కొండ ఎనకాల ఆ కొండ దాక్కున్నాదంటే, అక్కడ వల ఏసీవోడు."

ప్రత్యూష పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ఒక కన్ను మూసింది.

"అచ్ఛా! జరుగు పాపా, నాకింకా రెండు కొండలూ కనిపిస్తున్నాయి."