తెరిచి ఉంచిన తలుపు

మా చర్చి సంఘంలో పెళ్లి కుదిరితే మూడు ఆదివారాలు వరసగా ఆరాధనలో ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికి, ఫలానా అమ్మాయికి వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి అని అడిగి, పాస్టరు అయ్యగారు కళ్లద్దాల మీదుగా మందిరమంతా ఒకసారి చూస్తారు. ఆ కాసేపు ఎంతటివాళ్లకైనా గుబులే. నా పెళ్లికి మొదటి రెండు ప్రకటనలూ చల్లగా జరిగిపోయాయి. మూడోదానికి ముందు బుధవారం బంద్ వచ్చింది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ అక్కడే లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. మాది గుంటూరు వైపు. కుదిరిన అబ్బాయిది మెదక్ వైపు, స్కూల్లో లెక్కల మాస్టారు. రాష్ట్రం విడిపోతుంటే మీరు కలుస్తున్నారా అని ఆఫీసులో ఆటపట్టించేవాళ్లు. మా సంఘంలో మాత్రం ఎవరికీ ఆ పట్టింపు లేదు. అక్కడి పట్టింపులు వేరు.

యువజన కూడికలో మా సంఘ పెద్ద దగ్గరుండి మా అందరి చేతా పరిశుద్ధ జీవితం గురించి ఒక కార్డు మీద నియమాలు రాయించి సంతకం పెట్టించారు. పరాయి మగవాడితో తలుపు మూసిన గదిలో ఉండకూడదు. పెళ్లి నిశ్చయమైనా సరే, అయ్యేదాకా అబ్బాయితో ఫోన్లో కబుర్లు చెప్పుకోకూడదు. ఇలా ఆడపిల్లలకు తొమ్మిది, మగపిల్లలకు నాలుగు. ఇదెక్కడి లెక్క అని నేను అడిగితే ప్రార్థన చేసుకోమన్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా సంతకం పెట్టాను, పెట్టాక అప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు. పబ్బులకూ, వీకెండ్ ట్రిప్పులకూ రానని ఆఫీసులో నాకు 'సిస్టర్' అని పేరు పెట్టారు. అంటే అననీ అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఊళ్లో తలో వైపు లాగేవాళ్ల మధ్య ఆ కార్డు నాకు ఆసరాగానే ఉండేది.

బంద్ రోజు ఉదయం మామూలుగానే ఉందని ఆఫీసు తెరిచారు. మధ్యాహ్నం గొడవ పెరగ్గానే ఇళ్లకు వెళ్లిపొమ్మన్నారు. క్యాబులు లేవు, బస్సులు లేవు. నా పక్క సీటు కుర్రాడు, కాకినాడ అబ్బాయి, హాస్టల్ దాకా దింపుతానని బండి తీశాడు. బండెక్కడం గురించి కార్డులో ఏమీ లేదు కాబట్టి ఎక్కాను. మెయిన్ రోడ్డు మీద రాళ్లు పడుతున్నాయి, దాటే వీల్లేదు. వాళ్ల ఫ్లాటు ఇవతలి సందులోనే, మొదటి అంతస్తులో. గొడవ తగ్గేదాకా అక్కడ కూర్చుందామని వెళ్లాం. తీరా చూస్తే అతని రూమ్మేట్లంతా ఊళ్లకు పోయారు.

నేను లోపలికి అడుగు పెడుతూనే తలుపు బార్లా తీసి, మూసుకుపోకుండా నా చెప్పు అడ్డం పెట్టాను. అప్పుడే సందు మొదట్లో టైర్లు తగలబెట్టారు. గాలి మా వైపే. నల్లటి పొగ మెట్లెక్కి తిన్నగా గదిలోకి వచ్చేసింది.

"తలుపేద్దామండి, ఊపిరాడట్లేదు" అన్నాడు ఆ అబ్బాయి.

"వద్దండి, పర్లేదు" అన్నాను దగ్గుతూ.

అతను నన్నూ, నా చెప్పునూ మార్చి మార్చి చూశాడు. మంచివాడు. నాకో తడి తువ్వాలు ఇచ్చి, తను వంటింట్లోకి పోయి కూర్చున్నాడు. గంటన్నర అలా దగ్గుకుంటూనే గడిపాం.

గొడవ సద్దుమణిగాక, ముక్కు చీదుకుంటూ, చున్నీతో కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగాను. ఎదురింటి గేటు దగ్గర మా సంఘ పెద్ద నిలబడి ఉన్నారు. ఆయన ఇల్లు అక్కడేనని అప్పుడే తెలిసింది. "వందనాలండి" అన్నాను. ఆయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, ఎర్రబడ్డ నా కళ్లవైపు చూసి, ఒక్క మాటైనా అనకుండా లోపలికి వెళ్లిపోయారు.

పెళ్లికాని కుర్రాళ్ల ఫ్లాటులోంచి ఏడుస్తూ దిగిన పెళ్లికూతురు! ఆయన స్థానంలో నేనున్నా అదే అనుకునేదాన్ని. ఆదివారం ఆయన లేచి నోరు విప్పితే పెళ్లి ఆగిపోతుంది. ముప్పై ఏళ్లు మిషన్ స్కూల్లో పిల్లలకు నీతి చెప్పిన మా నాన్న నలుగురిలో తలెత్తుకోలేరు. వెళ్లి ఉన్నదున్నట్టు చెబుదామంటే పౌరుషం అడ్డొచ్చింది. తప్పు చేయనిదాన్ని, సంజాయిషీ ఎందుకివ్వాలి? అలా బింకంగా అనుకుంటూనే మూడు రోజులు అన్నం సయించక తిరిగాను.

శనివారం ఇక ఉండబట్టలేక, మొదటిసారి ఒక నియమం తప్పి, పెళ్లికొడుక్కి ఫోన్ చేశాను. ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేశాను.

"చెప్పు అడ్డం పెట్టినవా?" అన్నారాయన.

"అవునండి."

"గంత పొగల?"

"అవునండి."

ఇక నవ్వడం మొదలుపెట్టారు. నేను కోప్పడేదాకా ఆపలేదు. "ఇగ ఫికర్ చెయ్యకు. రేపు నేను గూడ వస్తా. ఎవరన్న లేస్తే నేనూ లేస్తా" అన్నారు. నా గుండెల మీద బరువు సగం దిగింది. మిగతా సగం సంఘ పెద్ద నోట్లో ఉంది.

ఆదివారం అయ్యగారు ప్రకటన చదివి అభ్యంతరాల సంగతి అడగబోతుండగా బయట ఊరేగింపు వచ్చింది. డప్పులు, నినాదాలు. ఆ మోతలోనే సంఘ పెద్ద లేచారు. వెనక వరసలో పెళ్లికొడుకు కూడా, అన్నమాట ప్రకారం, లేచి నిలబడ్డారు. సంఘ పెద్ద మధ్య దారిలో నడుచుకుంటూ పోయి, మందిరం తలుపులు రెండూ దగ్గరికేసి, గడియ పెట్టి, "అయ్యగారూ, వినపడలే. ఇంకోసారి చదువుండ్రి" అన్నారు.

అయ్యగారు మళ్లీ చదివారు. కళ్లద్దాల మీదుగా మళ్లీ చూశారు. సంఘ పెద్ద వెళ్లి తన చోట కూర్చున్నారు. నిలబడి ఉన్నది పెళ్లికొడుకు ఒక్కరే.

"నీకేమైనా అభ్యంతరమా, బాబూ?" అన్నారు అయ్యగారు.

ఆయన గబగబా తల అడ్డంగా ఊపి కూలబడ్డారు. మందిరమంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఆ నాలుగు రోజుల్లో అదే మొదటిసారి.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద నా దగ్గరికి వచ్చారు. "కండ్లు ఎట్లున్నయి బిడ్డా? ఆ దినం మా కిటికీలకెళ్లి చూస్తనే ఉన్న. తలుపు జర దగ్గరికేసుకుంటే ఏమైతుండె? నాకు దమ్ము బీమారి, పొగల నోరు తెరిస్తే దగ్గు ఆగదు. లేకుంటే ఆడనే తిడుతుంటి."

"మీరు రాయించిన నియమమే కదండీ" అన్నాను.

ఆయన తల గోక్కున్నారు. "రాయించిన. పొగ సంగతి నాకు తట్టలే" అన్నారు.

నా కళ్లేమవుతాయోనని బెంగపడ్డ మనిషి చూపులో, లేని మురికిని నాలుగు రోజులపాటు నేనే చూశాను. సిగ్గుతోనూ, బతికిపోయానన్న సంతోషంతోనూ అక్కడే, అందరి ముందూ ఏడ్చేశాను. ఆయన కంగారుగా మళ్లీ ఎక్కడైనా టైర్లు కాలుస్తున్నారేమోనని కిటికీలోంచి చూశారు.