బ్లీచింగ్ పౌడర్ వాసన

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు: బ్లీచింగ్ పౌడర్ వాసన తగిలితే నా మోచెయ్యి దానంతటదే ముఖానికి అడ్డం లేస్తుంది. మొన్న అల్వాల్‌లో మా వీధి కాలువ పక్కన ఆ పౌడర్ చల్లుతుంటే అలాగే లేచింది. పక్కనున్నావిడ దోమ కాబోలనుకుంది.

ఆ వాసన మా బోయిగూడ ఇంటిది. నాలుగు కుటుంబాలకూ ఒకటే మరుగుదొడ్డి, మెట్ల మీద బొగ్గుతో గీసిన అష్టాచెమ్మా గళ్ళు, క్రిస్మస్ దగ్గరపడితే ప్రతి గుమ్మంలోంచీ గులాబీ పువ్వుల పిండివంట వేయిస్తున్న నూనె వాసన, మా తలుపు వెనక మేకుకు డాడీ బెల్టు. ఆఫీసు నుంచి వచ్చే డాడీ బూట్ల చప్పుడును బట్టే గవ్వలు దాచాలో వద్దో తెలిసేది. అన్నం మెత్తబడిందని ఆయన గోడకేసి కొట్టిన కంచం మరకను మమ్మీ చర్చి క్యాలెండరుతో కప్పింది.

ఆయనకు మూత్రంలో రక్తం పడింది. మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ తీసి, మూత్రం గొట్టంతో, సంచీతో ఇంటికి పంపారు. సిగరెట్టు మానాలి, బరువులెత్తకూడదు, నీళ్ళు బాగా తాగాలి. తర్వాత కొన్నాళ్ళు వారం వారం మూత్రాశయంలోకి మందు ఎక్కించారు. ఎక్కించిన రోజు మాత్రం ఆ మందు చిందకుండా కూర్చునే మూత్రానికి పోవాలి, ఇంకొకరికి తగలకుండా మరుగుదొడ్లో బ్లీచింగ్ వెయ్యాలి. వేసేది మమ్మీ. వాసన అన్ని గదులకూ పాకేది.

"ఏందన్నా, ఆడోళ్ళ లెక్క కూసుంటున్నవంట గదా," అని ఎదురింటి డేవిడంకుల్ నవ్వాడు.

డాడీ నవ్వుతూనే లోపలికొచ్చి బ్లీచింగ్ డబ్బాను మమ్మీ తలకేసి కొట్టాడు. తెల్లటి పొడి జుట్టు నిండా, కళ్ళ నిండా. దాని మధ్యలోంచి ఎర్రగా కారుతున్న రక్తం. నేను మధ్యలోకి వెళితే బెల్టు నా మోచేతి మీద పడింది.

ఆ క్రిస్మస్‌కు చర్చిలో సాక్ష్యం చెప్పాడు. "దేవుడు నన్ను పూర్తిగా బాగుచేసిండు," అంటే అందరూ హల్లెలూయ అన్నారు. గడ్డ మళ్ళీ వస్తుందేమోనని మూడు నెలలకోసారి కెమెరాతో లోపల చూస్తామని డాక్టర్లు చెప్పిన పరీక్షకు ఆ తర్వాత ఇక పోనన్నాడు. సాక్ష్యమిచ్చిన మనిషి ఆసుపత్రి మెట్లెక్కితే సంఘం ఏమనుకుంటుంది?

"మళ్ళ రమ్మన్నరు కదండీ, జెర పొయ్యొద్దాం," అంది మమ్మీ.

"నన్ను అబద్ధాలకోరును చేస్తవానే?" జుట్టు పట్టి మెట్ల దాకా ఈడ్చాడు. మా గవ్వలు ఆమె వీపు కింద పటపట విరిగాయి. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ పరీక్ష మాట ఎత్తలేదు.

వానాకాలంలో మళ్ళీ రక్తం పడింది. అది గడ్డకట్టి మూత్రం దారి మూసుకుపోయింది. డాడీ తువ్వాలు కొరుకుతూ తల గోడకేసి బాదుకున్నాడు, క్యాలెండరు చిరిగి పాత మరక బయటపడింది. క్యాన్సర్ కండరంలోకి దిగిందనీ, మూత్రాశయం మొత్తం తీసెయ్యాలనీ డాక్టరు చెప్పారు. పరీక్షలకు వచ్చుంటే ముందే తెలిసేదన్నారు.

బోయిగూడలో ఇప్పుడా ఇల్లు లేదు, అపార్ట్‌మెంటు లేచింది. మెట్లు, గళ్ళు, ఆ మేకున్న తలుపు అన్నీ పోయాయి. ఆపరేషన్ నుంచి డాడీ తిరిగి రాలేదు. లోపలికి తీసుకెళ్ళే ముందు థియేటరు తలుపు దగ్గర ట్రాలీ మీదినుంచి ఆయన చెయ్యి చాపితే నా మోచెయ్యి లేచింది. దాన్ని చూశాడు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, మమ్మీని కాదు, నన్నే అడిగాడు:

"మళ్ళ పరీక్షకు ఎప్పుడు రమ్మన్నరు బిడ్డా?"