లాన్ పిన్ని ఇచ్చిన బంగారం

మా పక్కింటి లాన్ పిన్నికి నోరు ముందు, ఆలోచన తర్వాత. కాయ్ బే సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. ధాన్యం పడవ నడిపే మొగుడు పోయాక, పెట్టెలో దాచిన బంగారమంతా తీసి పెద్ద కోడలు థామ్ చేతిలో పోసింది. "ఇల్లు కట్టుకోండమ్మా" అంది. పెద్ద కొడుకు ఖియెమ్ అక్కడే ఉన్నాడు, నేనూ ఉన్నాను. అప్పు అన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఇల్లు లేచింది. మామగారి ఫోటో, అగరొత్తుల కుండ ఆ ఇంటికే వచ్చాయి. మా కాలవ గట్టున పెద్దల సొమ్ము ఎవరికి ముడితే తద్దినం వాళ్ళదే. ఏటా థామ్ పంది మాంసం, బాతుగుడ్లు కొబ్బరినీళ్ళలో ఉడికించి పెడితే ఊరంతా వేళ్ళు నాకేది.

అంతా బాగానే ఉండగా పిన్ని బుర్రలో పురుగు తొలిచింది. ఎదురు గట్టున ఎవరి కోడలో విడాకులు పుచ్చుకుని సగం ఇల్లు పట్టుకుపోయిందట. అంతే, రేపు తన బంగారమూ అలాగే పోతుందన్న భయంతో సంతలో కనబడ్డ ప్రతివాళ్ళతోనూ "నేనిచ్చింది అప్పేనమ్మా, ఊరికే ఇస్తానా" అనడం మొదలెట్టింది. బంగారంలాంటి కోడల్ని పట్టుకుని ఆ మాటలేమిటి? నాకైతే ఒళ్ళు మండింది.

సంతలో బాతుగుడ్లమ్మే ఆమె ఆ మాట మోసుకొచ్చి థామ్ చెవిన వేసింది. ఆ సాయంత్రం థామ్ మా పెరట్లో కూచుని ఏడ్చింది. "ఇన్నేళ్ళూ ఈ ఇంటి మనిషిననుకున్నానక్కా" అంది.

మర్నాటికి ఏడుపు లేదు. పందుల్ని అమ్మింది, పుట్టింటి గాజులమ్మింది, ఖియెమ్ చేత మోటారు బండి అమ్మించింది. తల్లికీ పెళ్ళానికీ మధ్య వాడికి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఆ డబ్బుతో బంగారం కొని తెచ్చి థామ్ అత్త ముందు పెట్టింది.

"అప్పు తీరింది అత్తయ్యా. ఇక మామయ్య తద్దినం మాది కాదు. మరిదిగారింటికి తీసుకెళ్ళండి."

పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు. చిన్న కోడలి పులుసు మామగారు బతికుండగానే ముక్కు మూసుకుని మింగేవాడు. అయినా పంతం. ఫోటో చంకన పెట్టుకుని రేవులో పడవెక్కింది. పడవవాడు తాడు విప్పబోతే "ఆగవయ్యా" అంది. కాసేపు ఆ ఫోటో మొహంలోకి చూసి, దిగి వెనక్కొచ్చేసింది.

"ఏం అత్తయ్యా, వెళ్ళలేదే?"

"ఆయనకి పడవ పడదే. కళ్ళు తిరుగుతాయి."

"జన్మంతా పడవ నడిపిన మనిషికా?"

నవ్వాపుకోలేక నేను మొహం అటు తిప్పుకున్నాను. పిన్ని బంగారం మూట థామ్ ఒళ్ళో పడేసింది.

"ఇచ్చేశాను పో. అప్పు కాదు."

"నాకు చెబితే సరిపోదు. ఎక్కడన్నారో అక్కడ చెప్పండి."

మర్నాడు బాతుగుడ్ల తట్ట పక్కన నిలబడి పిన్ని గొంతు చించుకుంది. "నా కోడలికి ఇచ్చాను. అప్పు కాదు. అది నా ఇంటి మనిషి. వినబడిందా అందరికీ?" ఎదురు గట్టుకు కూడా వినబడే ఉంటుంది.

తద్దినం నాడు నేనూ సాయానికి వెళ్ళాను. పిన్ని గుడ్ల పెంకు ఒలుస్తూ ఒలుస్తూ ఆగిపోయింది.

"థామ్, నేను పోయాక నాదీ నువ్వే పెట్టాలే" అంది.

థామ్ ఉల్లిపాయల మీద నెపం పెట్టి కళ్ళు తుడుచుకుంది.

"పెడతాను లెండి. ముందు ఆ గుడ్లు ఒలవండి, పొయ్యి మీద నీళ్ళు మరిగిపోతున్నాయి."